అక్క దీవిలో ఉండగా చాటింపు పడింది

విమానాశ్రయం బయట నన్ను చూసి మా అక్క ఏడవలేదు, కావిలించుకోలేదు. నెత్తి నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసి, "ఏం పాపా, ఇంత నల్లబడినావు? నిన్ను ఎండలో నిలబెట్టి పాఠాలు చెప్పిస్తారా ఏంది ఈడ?" అనింది. నాకు నలభై దాటినాయి. జుట్టుకు రంగేసుకుంటాను. అయినా ఆమెకు నేను పాపనే. తిరుపతిలో మా వీధిలో సగం మందికి నా అసలు పేరు తెలీదు.

నేను మాల్దీవుల్లో ఒక చిన్న దీవిలో లెక్కల టీచర్ని. అంతకు ముందు తిరుపతిలోనే ఒక ప్రైవేటు బడిలో చెప్పేదాన్ని. ఆడ నాతో పాటు పనిచేసే టీచరమ్మ ఒకామె ఈ ఉద్యోగానికి అర్జీ పెడతా, ఒక్కదాన్నే పెట్టాలంటే భయంగా ఉండాది, నువ్వూ పెట్టమంటే పెట్టినాను. ఆమెకు రాలేదు, నాకొచ్చింది. ఒక్క ఏడాది చూసొస్తాను అని చెప్పి బయల్దేరినాను. ఆ ఏడాది ఇంకా అయిపోలేదు. ఒప్పందం ముగిసినప్పుడల్లా హెడ్మాస్టరు ఇంకో కాగితం ముందర పెడతాడు, నేను సంతకం పెడతాను.

పెట్టే ముందు ప్రతిసారీ అక్కకు ఫోన్ చేస్తాను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయన నేను ఇంటర్లో ఉండగా పోయినాడు. అప్పటికే అక్కకు పెండ్లయి, ఇంటి ముందర దోసెలంగడి పెట్టుకోనుండింది. ఆ పెనం ముందర నిలబడే నన్ను బీఎస్సీ, బీఈడీ చదివించింది. అందుకని ఆమెను అడగకుండా నేను ఏ పనీ చెయ్యను. "అక్కా, ఇంకా రెండేండ్లు ఉండమంటా ఉండారు, ఏం చేసేది?" అంటాను. "నీ ఇష్టం పాపా. నీకు బాగుంటే ఉండు," అంటుంది. అంతే. వెంటనే గ్యాసు బండ సంగతో, బావ మోకాలి నొప్పి సంగతో ఎత్తుకుంటుంది.

నాకు కావల్సింది ఆ మాట కాదు. "చాల్లే, వచ్చెయ్," అని ఒక్కసారి అంటే చాలు. ఆ ఒక్క మాట కోసం ఇన్నేండ్లుగా ఫోన్ చెవికి ఆనించుకోని కూర్చుంటా ఉండాను. సిగ్గు లేకుండా చెప్తా ఉండాను, అదే నా కోరిక.

పిలవకుండా పోతే ఏం, అది నీ ఇల్లు కాదా అని మీరడగొచ్చు. సెలవుల్లో పోతాను కదా, నాకు తెల్సు. నేను పడుకునే ముందు గదిలో ఇప్పుడు పిండి గ్రైండరు ఉండాది. నన్ను లోపలి గదిలో మంచం మింద పడుకోబెట్టి వాళ్ళు కింద పడుకుంటారు. నా కోసం బీరువాలో నుంచి కొత్త తువ్వాలు తీసిస్తారు. ఇంట్లో మనిషికి ఎవరన్నా కొత్త తువ్వాలు తీసిస్తారా? ఆ తువ్వాలు చూస్తేనే నాకు దుఃఖం వస్తుంది. స్నానానికి పోయి కొళాయి తిప్పి ఏడుస్తాను.

ఈసారి కాగితం వచ్చినప్పుడు నేనొక ఉపాయం పన్నినాను. బడి సెలవులు అయినాక చెప్తానని హెడ్మాస్టరుకు చెప్పి, ఆ సెలవుల్లో అక్కను, అక్క కూతుర్ని ఈడికి పిలిపించినాను. నా బతుకు కండ్లతో చూస్తే అక్క తనంతట తానే అంటుంది, ఇంకేం పనిలే ఈడ, వచ్చెయ్ అని. అక్క, "రాను, అంగడి మూసేస్తే గిరాకీ పోతుంది," అని మొరాయించింది. డిగ్రీ చదివే కూతురు మాత్రం ఎగిరి గంతేసింది. దాని పోరు పడలేక అక్క పాస్‌పోర్టు తీయించుకునింది. అట్ల వచ్చినారు.

అమ్మవారి పటాలు, విగ్రహాలు తేవద్దక్కా, ఈ దేశంలోకి రానీరు అని ముందే చెప్పినాను. తేలేదు. రాగిపిండి, ఊరుబిండి, మామిడికాయ తొక్కు తెచ్చింది. వాటితో పాటు పాత చీరలో చుట్టి తన దోసె పెనం కూడా తెచ్చింది. "నా చేతికి వేరే పెనం రాదు," అనింది. పడవలో కూర్చున్నంతసేపు ఆ పెనాన్ని ఒళ్ళో పెట్టుకోనుండింది. అలలకు పడవ ఎగిరెగిరి పడినప్పుడల్లా "గంగమ్మ తల్లీ" అని నా చెయ్యి పిసికేసింది. ఆ చెయ్యి కందిపోయి రెండు రోజులు నొప్పి పెట్టింది. నాకు ఆ నొప్పి కూడా బాగున్నింది.

మరునాడు సాయంత్రం ఊరు చూపించను తీసుకుపోయినాను. మా దీవి చుట్టూ తిరిగి రావాలంటే మాట్లాడుకుంటా నడిచినా అరగంటకు మించి పట్టదు. ఇసుక దారులు, కొబ్బరి చెట్లు, ఇండ్ల ముందర ఇనప చట్రాలకు తాళ్ళు అల్లిన కుర్చీలు. ఒక బడి, ఒక ఆస్పత్రి, మసీదు, నాలుగంగళ్ళు. బయల్దేరిన చోటికే వచ్చి నిలబడేసరికి అక్క నా వైపు చూసి, "అయిపోయిందా? ఇంతేనా ఊరు?" అనింది.

"ఇంతే."

"మన కొర్లగుంటలో మూల కూడా కాదే ఇది. దీనికి పొలిమేర యాడుండాది?"

"నువ్వు కాలు పెట్టిన చోటే," అన్నాను. అల వచ్చి ఆమె చీర కుచ్చిళ్ళు తడిపేసింది. ఆమె వెనక్కి దుమికి, "సుట్టూ పొలిమేరేనా! ఎట్లుండావు మే ఇన్నేండ్లు?" అనింది. ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అనుకున్నాను. అక్క చీర పిండుకుంటా, "చేపలు మాత్రం దండిగా దొరకతాయిలే," అనింది.

నేను అద్దెకుండే ఇంటావిడతో అక్కకు ఒక్క పూటలో దోస్తీ కలిసింది. ఆమెకు తెలుగు రాదు, అక్కకు వాళ్ళ భాష రాదు. ఇద్దరూ తాళ్ళ కుర్చీల్లో కూర్చోని ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకునేవాళ్ళు, ఒకేసారి నవ్వేవాళ్ళు. ఆమె పెరట్లో సీమపనస కాయలు కోసిస్తే అక్క సన్నగా తరిగి వేపుడు చేసింది. అక్క దోసె పోస్తే ఆమె దాంట్లో ట్యూనా చేప పెట్టుకోని తినింది. "దోసెలో సేపా! నాశనం చేసినావు కదమ్మా," అని అక్క తెలుగులోనే తిట్టింది. ఆమె తలూపి ఇంకో దోసె అడిగింది. ఇన్నేండ్లలో నేను ఆ ఇంటావిడతో అన్ని మాటలు మాట్లాడినానో లేదో నాకే అనుమానం.

ఆ రోజుల్లో మా వంటగదిలో నుంచి పొద్దన్నే పెనం మింద నీళ్ళు చల్లిన చప్పుడు వచ్చేది. నేను లేచి కూడా లేవనట్టు కండ్లు మూసుకోని వినేదాన్ని. ఈ మనిషి పోయినాక ఈ చప్పుడు కూడా పోతుంది కదా అని, ఉండంగానే బెంగ పెట్టుకునేదాన్ని. ఎదురుగా ఉన్న మనిషి మింద బెంగ పెట్టుకోవడం ఎట్లుంటుందో దూరాన బతికినోళ్ళకే తెలుస్తుంది.

ఒక రోజు పడవ మాట్లాడుకోని ముగ్గురం సముద్రం మధ్యలో ఉన్న ఇసుక తిన్నెకు పోయినాము. చెట్టు లేదు, గుడిసె లేదు, చాపంత ఇసుక, చుట్టూ ఆకుపచ్చ నీళ్ళు. అక్క తిరుపతి నుంచి తెచ్చుకున్న నల్ల గొడుగు ఏసుకోని దాని మధ్యలో కూర్చునింది. కూతురు నీళ్ళలోకి తలపెట్టి చూసే అద్దాలు తగిలించుకోని ఈదతా ఉండాది. "అమ్మా, రా, చూడు," అని అది బతిమాలి బతిమాలి, కడాకు అక్క మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, అద్దాలు పెట్టుకోని మొగం ముంచింది. ముంచి ఒక్క కేక పెట్టి లేచింది.

"ఓయమ్మా! లోపల జాతర జరగతా ఉండాది!"

పసుపువి, నీలివి, చారలవి, ముక్కు పొడుగువి, అన్ని చేపలు. మా తిరుపతి గంగజాతరలో మొగోళ్ళు ఆడవేషాలు కట్టి, మొగాలకు రంగులు పూసుకోని వీధులెమ్మట పోతారే, అట్లనే ఉన్నాయంట. అది చెప్తా చెప్తా ఆమె ఉన్నట్టుండి లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టింది. "ఈ మంగళవారమే కదా చాటింపు! ఆ పొద్దుకు మనం ఇంట్లో ఉంటామా లేదా?" అని కూతుర్ని అడిగింది. "ఆదివారం బయల్దేరితే సోమవారానికి ఉంటాములే," అనింది అది.

చాటింపంటే మా ఊరోళ్ళకు చెప్పాల్సిన పని లేదు. తక్కినోళ్ళకు చెప్తాను. జాతర మొదలయ్యే ముందు మంగళవారం రాత్రి డప్పులు కొట్టుకుంటా ఊరి పొలిమేరంతా తిరిగి, జాతర వస్తా ఉండాదని చాటుతారు. ఆ చాటింపు పడినాక, జాతర ముగిసేదాకా ఊరి మనిషి పొలిమేర దాటి రాత్రి నిద్ర చెయ్యకూడదు. పగలు చంద్రగిరికి పోయినా, చిత్తూరు కోర్టుకు పోయినా చీకటి పడేలోపల ఊళ్ళోకి వచ్చెయ్యాల. ఒక్కో ఇంట్లో ఒక్కో రకంగా చెప్తారు గానీ మా ఇంట్లో మాత్రం ఇది ఉక్కు లాంటి కట్టు. నాయన ఏర్పేడులో పనికి పోయి బస్సు దొరక్క, నడిచి, లారీ ఎక్కి, ఎట్లో ఒకట్ల ఇంటికొచ్చి పడుకున్న రోజులు నాకు గుర్తుండాయి.

జాతర మాట వచ్చింది, మనసు మెత్తగా ఉంటుంది అనుకోని, ఆ ఇసుకలోనే అక్క పక్కన చేరినాను. "అక్కా, హెడ్మాస్టరు మళ్ళా కాగితం ఇచ్చినాడు. ఇంకా రెండేండ్లు. ఏం చెప్పమంటావు?"

అక్క గొడుగు కింద నుంచి సముద్రం చూసింది. దవడ కదిలింది. మాట వస్తుందనే అనుకున్నాను.

"నీ ఇష్టం పాపా. ఆ పడవాయనకు మిక్చరు పెట్టినావా లేదా? పాపం, పొద్దన్నించి ఏమీ తినినట్టు లేదు."

నాకు ఒళ్ళు మండింది. పడవాయన ఆకలి కనబడుతుంది, నేను కనబడను. ఆ మిక్చరు పొట్లం తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టి, దూరంగా పోయి నిలబడినాను.

శనివారం నుంచి గాలి మొదలయింది. మే నెలలో ఈడ ఇది మామూలే. సముద్రం తెల్లగా పొంగి పడవలు ఆపేసినారు. ఆదివారం లేదు, సోమవారం లేదు. కూతురు ఫోన్లో టికెట్లు మార్చుకుంటా కూర్చునింది. అక్క కొంగు నెత్తిన కప్పుకోని వానలో పడవల రేవుకు పోయి, సముద్రాన్ని తిట్టి వచ్చేది. "ఊరి మనిషిని, చాటింపు పొద్దుకు బయట ఉండిపోతినే" అని ఒకటే గోల.

నాకు లోపల్లోపల ఎంత సంతోషంగా ఉన్నిందో చెప్తే నన్ను రాక్షసి అంటారు. ఇంకో పూట. ఇంకో రాత్రి. అక్క పక్కకు తిరిగితే మంచం కిర్రుమనే చప్పుడు ఇంకోసారి. గాలి ఇంకా వీచనీ అనుకున్నాను.

మంగళవారం పొద్దన అక్క బావకు ఫోన్ చేసి గట్టిగా చెప్పింది. "ఇదో సూడు. ఈ పొద్దు రాత్రి డప్పులప్పుడు నాకు ఫోన్ చెయ్యొద్దు. నా చెవిన పడకూడదు. వినకుంటే కట్టు లేదు. ఊళ్ళోకొచ్చి అప్పుడు వింటాను." బావ బస్టాండు దగ్గర లాడ్జిలో పనిచేస్తాడు, రోజుకు వంద మంది యాత్రికులతో మాట్లాడి మాట్లాడి ఇంట్లోవాళ్ళ మాట చెవిన పెట్టడు. అట్లే అట్లే అన్నాడంట.

బుధవారం పొద్దన వాన తెరిపిచ్చింది. అక్క దోసె పోస్తా ఉండాది. కూతురు తింటా ఫోన్ తెరిచింది. వాళ్ళ నాయన పంపించిన వీడియో. పాపం ఆయన ఫోన్ చెయ్యలేదు, మాట నిలబెట్టుకున్నాడు. వీడియో మాత్రం తీసి పంపినాడు. సౌండు పూర్తిగా పెట్టుండాది. డప్పులు దడదడమని మా వంటగదంతా మోగినాయి.

అక్క చేతిలో గరిటె కింద పడేసి రెండు చెవులూ మూసుకునింది. "ఆపు! ఆపు మే, నీ చెయ్యి పడిపోను!" కూతురు కంగార్లో ఆపబోయి మళ్ళా మొదటి నుంచి పెట్టింది. పెనం మింద దోసె మాడిపోయింది. అంతా అయిపోయినాక అక్క గోడకానుకోని కింద కూర్చుండిపోయింది.

"విన్నాను. పొలిమేర బయట ఉండి విన్నాను."

"అమ్మా, రికార్డింగ్ లెక్కలోకి రాదు," అనింది కూతురు.

"యాల రాదు? పొద్దన్నే మైకులో వచ్చే సుప్రభాతం రికార్డింగ్ కాదా? దానికి లేచి దండం పెట్టుకోవా నువ్వు?"

అది ఫోన్ బోర్లించి పెట్టేసింది. నాకు మాత్రం నోరు ఊరుకోలేదు. "అయితే అక్కా, ఒకటి ఆలోచించు. నువ్వు చాటింపు యాడ విన్నావు? ఈడ. అంటే ఈ దీవి పొలిమేరకే నువ్వు కట్టుబడినావు. జాతరయ్యేదాకా కదలకూడదు," అన్నాను. నవ్వతానే అన్నాను. కానీ లోపల దేవుడా నమ్మనీ, నమ్మనీ అనుకుంటా ఉండాను.

అక్క నిజంగానే ఆలోచించింది. ఇంకో వారం అక్క నాతో ఉంటుంది! అప్పుడే ఆమె బావకు ఫోన్ చేసింది. బావ పోయి వీధిలో ఒక పెద్దాయన్ను అడిగినాడు. పెద్దాయన, ఇట్లాంటి కేసు నా జన్మలో వినలేదప్పా అని కాసేపు నవ్వి, "యాడ విన్నా మనూరి చాటింపు మనూరిదే. బిరీన ఊళ్ళోకి రమ్మను. వచ్చినాక కదలొద్దను," అని తీర్పు చెప్పినాడంట.

అంతే, అక్క లేచి చీరలు మడత పెట్టడం మొదలుపెట్టింది. మరునాడు పొద్దన పడవ పోతుందని రేవులో చెప్పినారు.

నేను గడప దగ్గర నిలబడి ఆ మడతలు చూస్తా ఉండాను. ఉన్నట్టుండి ఒక మాట తట్టింది. "అక్కా, నేనూ విన్నాను కదా చాటింపు. నా చెవులేం పోలేదు కదా. మీ పెద్దాయన నన్నెందుకు రమ్మనలేదు?"

అక్క తలెత్తకుండానే అనింది, "నీకేం కాదులే పాపా. నీకు చాటింపు తగలదు."

అంత నిమ్మళంగా అనింది. ఉప్పు సరిపోయిందిలే అన్నట్టు.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చినాయి. "ఎందుకు తగలదు? నేను ఆ ఊళ్ళో పుట్టలేదా? ఒక్క రాత్రి నువ్వు బయట ఉంటే ఇంత గోల చేస్తివే, ఇన్ని జాతరలు నేను బయట పండుకున్నాను. ఒక్కసారన్నా పొలిమేర బయట మా పాప ఉండాదే అని నీకు అనిపించిందా? నాకు తగలదంట! తగలకుండా ఉండేదానికి నేను పరాయిదాన్నా? కొత్త తువ్వాలు తీసిచ్చినప్పుడే నాకు తెల్సు," అని ఏమేమో అనేసినాను. కూతురు "చిన్నమ్మా, చిన్నమ్మా" అని చెయ్యి పట్టుకునింది. విదిలించుకున్నాను.

"గమ్మునుండు పాపా," అనింది అక్క. ఇంకేమన్నా అంటుందని చూసినాను. ఆమె మడతపెట్టిన చీరనే విప్పి మళ్ళా మడతపెట్టింది.

ఆ సాయంత్రమంతా ఎవరి మూల వాళ్ళం కూర్చున్నాము. కడాపటి రోజు ఎట్ల గడపాలని అనుకున్నానో, అది అట్ల పాడయిపోయింది. కూతురొక్కతే మా ఇద్దరి మధ్య కంచాలు తిప్పతా ఉన్నింది.

పొద్దన రేవుకు పోయినాము. సముద్రం ఏమీ ఎరగనట్టు మెరస్తా ఉండాది. ఇంటావిడ కూడా వచ్చి ఎండుచేప పొట్లం ఒకటి అక్క సంచిలో కుక్కింది. కూతురు సామాన్లతో ముందు పడవెక్కింది. అక్క ఎక్కలేదు. నా మోచెయ్యి పట్టుకోని, రేవు చివరకు లాక్కుపోయింది.

"నువ్వు పోయిన మొదటి ఏడు," అని మొదలుపెట్టింది. నా మొగం చూడకుండా నీళ్ళు చూస్తా మాట్లాడింది. "చాటింపు పడిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంటి మనిషి బయటుండాది, ఏమవుతుందో ఏమో అని. పొద్దన్నే లేచి తాతయ్యగుంట గుడికి, అమ్మోరి కాడికి పోయినాను. ఇట్ల మా చెల్లెలు పొలిమేర దాటి ఉండాది తల్లీ, దానికి చాటింపు తగలనీయొద్దు, దాని వంతు గూడా నేనే తీరుస్తాను అని మొక్కినాను. అప్పటి నుంచి ఏటా జాతరలో అమ్మోరికి రెండు కుండల అంబలి కాస్తాను. ఒకటి నాది, ఒకటి నీది. మీ బావనడుగు."

నేను ఆమె మొగంలోకి వంగి చూసినాను.

"ఊరికే తగలనీయొద్దంటే అమ్మోరు ఒప్పుకుంటుందా? నేనూ ఒకటి ఇయ్యాల కదా. దాన్ని నేను పిలవను తల్లీ, రమ్మని ఒత్తిడి పెట్టను, యాడుండినా ఆడ నువ్వు సల్లగా చూసుకో అని చెప్పుకున్నాను. ఇప్పుడు నోరు జారి వచ్చెయ్ అన్నానంటే మొక్కు చెడతాది. నీకేమన్నా అయితే? ఇంత నీళ్ళ మధ్యలో ఉండావు." ఆమె కొంగు వేలికి చుట్టుకునింది. "నువ్వు ఆ కాగితం సంగతి ఫోన్లో అడిగినప్పుడల్లా నేను పండ్లు బిగబట్టుకోని ఉంటాను. నువ్వు పెట్టేసినాక పెనం ముందర నిలబడి ఏడుస్తాను. దోసెలకొచ్చినోళ్ళు పొగ తగిలిందేమో అనుకుంటారు."

నేను ఆమె భుజం మింద తల పెట్టి ఏడ్చినాను. ఆమె మెడ దగ్గర పిండి వాసన. ఎన్నేండ్లయిందో ఆ వాసన అంత దగ్గరగా పీల్చి.

"వేరే మొక్కు మొక్కొచ్చు కదా అక్కా, ఇది తప్ప దొరకలేదా నీకు?"

"అప్పుడు తోచింది అదే పాపా. నువ్వు ఏడాదికే వచ్చేస్తావనుకుంటి."

పడవాయన రమ్మని కేకేసినాడు. అక్క కొంగుతో మొగం తుడుచుకోని కదిలింది. నేను ఆమె చెయ్యి వదల్లేదు.

"అక్కా. నువ్వు పిలవద్దు. పిలవకుండా నేనే వస్తే మొక్కుకేమన్నా అవుతుందా?"

అక్క నిలబడిపోయింది. ఆ ప్రశ్న ఆమె ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు. పెదాలు కదిలినాయి. ఏదో చెప్పబోయి, గబుక్కున చేత్తో నోరు మూసుకునింది. ఆ మాట బయటికొస్తే అది కూడా పిలిచినట్టే అవుతుందని భయం. నోటి మింద చెయ్యి తియ్యకుండానే పడవెక్కి కూర్చునింది. కూతురు చెయ్యి ఊపతా ఉండాది. అక్క ఊపలేదు. పడవ మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి నోటి మిందనే ఉన్నింది, కండ్లు మాత్రం నా మిందనే ఉన్నాయి.

రేవు నుంచి ఇంటికి పోలేదు. పోతే వంటగది నిశ్శబ్దంగా ఉంటుంది, దాన్ని తట్టుకోలేను. సక్కగా బడికే పోయినాను. సెలవులైనా హెడ్మాస్టరు గదిలో కూర్చోని ఏవో కాగితాలు చూసుకుంటా ఉండాడు. ఈ దీవి మనిషే, నెమ్మదస్తుడు. నన్ను చూసి నా ఒప్పందం కాగితం బయటికి తీసినాడు.

"లేదు సార్, ఈసారి పెట్టను. ఈ ఏడాది చివరకు ఇంటికి పోతాను," అన్నాను.

ఆయన కలం పక్కన పెట్టినాడు. "ఏమైంది? ఇంట్లో ఎవరికన్నా బాగాలేదా?"

"అందరూ బాగుండారు సార్."

"జీతం తక్కువనిపించిందా?"

"అదేం లేదు సార్."

ఆయన కాగితం పక్కకు జరిపి, "మీ అక్కగారు వచ్చినారు కదా. ఆమె రమ్మన్నారా?" అని అడిగినాడు.

"లేదు సార్," అన్నాను. "రమ్మనలేదు. ఆమె రమ్మనలేదు గాబట్టే పోతా ఉండాను."